రెండు వరుసల లెక్క: శ్రీనివాస రామానుజన్ జీవితం

డిసెంబరు 22 వస్తోందంటే లెక్కల డిపార్ట్‌మెంటు వాళ్ళ గోడ నిండిపోతుంది. పైన రామానుజన్ బొమ్మ, కింద 1729 అంకె, పక్కన ఏవో సూత్రాలు. 2012 నుంచి ఆయన పుట్టినరోజును జాతీయ గణిత దినంగా జరుపుతున్నారు కాబట్టి అది వాళ్ళ పండగ. ఈసారి మన తెలుగు గోడపత్రికలో ఆయన గురించి రాస్తానని నేనే మేడమ్‌ని అడిగాను. లెక్కల గురించి రాసే శక్తి నాకు లేదు, పదో తరగతితోనే లెక్కలకు దణ్ణం పెట్టి వచ్చినదాన్ని. ఆయన ఏమేం చేయగలిగాడో అందరూ రాస్తూనే ఉంటారు. ఆయనకు ఏమేం చేతకాలేదు, ఆ చేతకాని పనులు ఎవరు చేసిపెట్టారు, చేసిపెట్టేవాళ్ళు లేనిచోట ఏమయింది అన్నది నేను రాయాలనుకున్నాను.

దీనికి కారణం మా ఇంట్లో ఉంది. మాది ఎన్నూరు. స్టేషనుకు దగ్గర్లోనే ఇల్లు. గుమ్మిడిపూండి వైపు పోయే లోకల్ బళ్ళ టైములన్నీ మా తమ్ముడికి నోటికి వచ్చు. బొగ్గు గూడ్సు పోతుంటే పెట్టెలు లెక్కపెట్టి చెప్తాడు, ఒక్కటి కూడా తప్పు పోదు. కానీ పదిహేనేళ్ళు వచ్చినా చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అమ్మ కావాలి. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని మూలకి పోతాడు. పరీక్షలో మొదటి ప్రశ్నకే మూడు గంటలూ రాసి, మిగతా కాగితాలు తెల్లగా ఇచ్చి వస్తాడు. రెండేళ్ళ కిందట డాక్టరుగారు చూసి వాడికి ఆటిజం ఉంది, దానితోపాటు ఏడీహెచ్‌డీ కూడా ఉంది అని రాసిచ్చారు. అప్పటిదాకా మా వీధిలో వాడికి రెండు పేర్లు. రైళ్ళ సంగతి చూసినవాళ్ళకు వాడు మేధావి. గుండీల సంగతి చూసినవాళ్ళకు వాడు సోమరిపోతు. ఇద్దరూ చూసింది ఒకే పిల్లవాణ్ణి.

ముందే ఒక మాట. రామానుజన్‌కి ఆటిజం ఉందనిగానీ ఏడీహెచ్‌డీ ఉందనిగానీ నేను చెప్పడం లేదు. కొందరు వైద్యులు ఆయన జీవితం చదివి ఆ లక్షణాలు ఉన్నాయని రాశారు. కానీ ఎదురుగా లేని మనిషికి రోగనిర్ణయం చేయడం ఎవరికీ సాధ్యం కాదు. అసలు ఆటిజాన్ని పిల్లల్లో ఒక ప్రత్యేక స్థితిగా లియో కానర్ అమెరికాలో వర్ణించింది 1943లో. అప్పటికి రామానుజన్ పోయి 23 ఏళ్ళయింది. కాబట్టి పేరు పెట్టొద్దు. ఒక మనిషిలో బలమూ కష్టమూ ఎంత ఎగుడుదిగుడుగా ఉండగలవో, ఆ ఎగుడుదిగుడుకి లోకం ఎలా బదులిచ్చిందో ఆయన కథలో చూద్దాం. ఆ సంగతికి ఆయన కన్నా మంచి ఉదాహరణ మన మద్రాసులో లేదు.

చెంబులు వరసగా పేర్చిన పిల్లవాడు

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో అమ్మమ్మగారింట పుట్టాడు. పెరిగింది కుంభకోణంలో, సారంగపాణి గుడి వీధిలో. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ ఒక బట్టల కొట్లో గుమాస్తా. తల్లి కోమలత్తమ్మాళ్ గుడిలో భజనలు పాడేది. ఇంట్లో డబ్బు తక్కువ, నియమాలు ఎక్కువ.

పిల్లవాడికి మూడేళ్ళు వచ్చేదాకా మాటలు సరిగా రాలేదు. తల్లి భయపడింది. ఇంట్లో ఉన్న ఇత్తడి, రాగి పాత్రలన్నీ తెచ్చి ఈ గోడ నుంచి ఆ గోడదాకా వరసగా పేర్చేవాడట. తనకు కావలసిన తిండి పెట్టకపోతే మట్టిలో దొర్లేవాడట. కాంచీపురంలో తాతగారింట అక్షరాభ్యాసం చేయించి, బియ్యంలో వేలు పట్టి రాయించాక మాటలూ అక్షరాలూ వచ్చాయి. బడి మాత్రం ఇష్టంలేదు. కొన్నాళ్ళు మద్రాసులో చదివించబోతే బడికి పోనని మొండికేశాడు. భయపెట్టి పంపడానికి ఇంట్లోవాళ్ళు ఒక పోలీసాయన సాయం కూడా తీసుకోవలసి వచ్చింది.

ఇదే పిల్లవాడు 1897లో ప్రైమరీ పరీక్ష రాసి ఇంగ్లీషు, తమిళం, భూగోళం, లెక్కల్లో జిల్లాకే మొదటివాడిగా వచ్చాడు. ఇది గుర్తుపెట్టుకోండి. అన్ని సబ్జెక్టులూ వచ్చిన పిల్లవాడే తర్వాత అన్నిటిలోనూ తప్పాడు. మనిషి మారలేదు. చుట్టూ ఉన్న చదువు మారింది, అది అడిగే పనులు మారాయి. ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల తల్లులు చాలామంది ఈ మాటే చెప్తారు. అయిదో తరగతిదాకా బాగానే ఉండేవాడు, ఆ తర్వాతే ఏదో అయింది అంటారు. చిన్న తరగతుల్లో టీచరు దగ్గరుండి ఒక్కో పనీ చెప్తుంది. పెద్ద తరగతుల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది పిల్లవాడే చూసుకోవాలి. ఆ చూసుకోవడమే వాళ్ళకు కష్టం.

ఒక పుస్తకం, రెండు తప్పిన పరీక్షలు

1903లో, పదహారో ఏట, రామానుజన్ చేతికి జి.ఎస్. కార్ అనే ఇంగ్లీషు ట్యూషన్ మాస్టరు రాసిన ఒక లెక్కల పుస్తకం వచ్చింది. అందులో సుమారు 5000 సూత్రాలు వరసగా ఉన్నాయి. వివరణలు చాలా తక్కువ. మామూలు విద్యార్థికి అది ఎండు గడ్డి. రామానుజన్‌కి అదే లోకం అయిపోయింది. ఒక్కో సూత్రాన్నీ తనంతట తానే రుజువు చేసుకుంటూ పోయాడు. పోతూపోతూ పుస్తకంలో లేనివి కనిపెట్టాడు.

1904లో హైస్కూలు ముగించినప్పుడు లెక్కల బహుమతి ఆయనదే. కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో స్కాలర్‌షిప్పుతో చేరాడు. అక్కడినుంచి కష్టాలు మొదలయ్యాయి. క్లాసులో చెప్పేది ఇంగ్లీషయినా చరిత్రయినా ఆయన మనసు మాత్రం లెక్కల్లోనే ఉండేది. ఇంగ్లీషులో తప్పాడు. స్కాలర్‌షిప్పు పోయింది.

1905 ఆగస్టులో ఎవరికీ చెప్పకుండా ఇల్లు వదిలి పోయాడు. మనకు ఆసక్తి కలిగించే సంగతి ఏమిటంటే, పోయింది మన తెలుగునాటికే. విశాఖపట్నం వైపు వెళ్ళి, రాజమండ్రిలో సుమారు నెలరోజులు ఉన్నాడు. ఆ నెల ఎలా గడిపాడో, గోదారి ఒడ్డున ఏం ఆలోచించాడో ఊహించుకోవడమే. పదిహేడేళ్ళ కుర్రాడు, భాష రాని ఊరు, చేతిలో డబ్బు లేదు. ఇంటికి తిరిగి వచ్చి పరీక్ష రాయడం కన్నా అదే తేలికనిపించింది ఆయనకు.

1906లో మద్రాసు వచ్చి పచ్చయప్ప కళాశాలలో చేరాడు. అక్కడ మూడు గంటల లెక్కల పేపరు అరగంటలో ముగించేవాడని పేరు. శరీరధర్మ శాస్త్రం మాత్రం గిట్టేది కాదు. అందులో నూటికి పది మార్కులు కూడా రాలేదు. ఎఫ్.ఏ. పరీక్ష, అంటే ఇప్పటి మన ప్లస్ టూ లాంటిది, 1906లో తప్పాడు. 1907లో ప్రైవేటుగా రాసి మళ్ళీ తప్పాడు. అన్ని సబ్జెక్టులూ పాసయితేనే పాసు. ఒకదానిలో ఆకాశమంత ఎత్తున్నా, ఇంకొకదానిలో గుంట ఉంటే ఆ గుంటే లెక్కకు వస్తుంది.

దీన్ని కొంచెం లెక్కగానే చూద్దాం. ఒకరికి ఒకదానిలో 95, ఇంకొకదానిలో 9 వచ్చాయనుకోండి. సగటు 52. చూడ్డానికి మామూలు విద్యార్థిలా ఉంటుంది. కానీ ఆ మనిషి దేనిలోనూ 52 కాదు. 52 వాళ్ళకు చెప్పే పాఠం ఒకచోట విసుగు పుట్టిస్తుంది, ఇంకోచోట అస్సలు అందదు. ఆటిజంతోపాటు ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళలో ఈ తేడా మామూలు కన్నా చాలా ఎక్కువగా కనబడుతుంది. ఇష్టమైనదానిలో మునిగితే ఆకలి, దాహం కూడా తెలియవు. ఇష్టంలేనిదాన్ని మొదలుపెట్టడమే కొండ ఎక్కడం. పైగా రెండూ ఒకే ఒంట్లో ఉండి ఒకదాన్నొకటి లాగుతుంటాయి. ఒకటి రోజూ ఒకేలా ఉండాలంటుంది, ఇంకొకటి కొత్తది కావాలంటుంది. మా తమ్ముడికి బస్సులో ఎప్పుడూ అదే సీటు కావాలి, అయితే ఆ సీట్లో అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోలేడు. ఈ రెండూ ఒకరిలోనే ఉండొచ్చని వైద్యశాస్త్రం అధికారికంగా ఒప్పుకున్నది కూడా ఈమధ్యనే. ప్రపంచంలో చాలాచోట్ల డాక్టర్లు వాడే అమెరికా మానసిక వైద్యుల సంఘం పుస్తకం 2013లో మారేదాకా, ఆటిజం అని రాస్తే పక్కన ఏడీహెచ్‌డీ అని రాయకూడదన్న నియమం ఉండేది.

నెల్లూరు కలెక్టరు, హార్బరు ఆఫీసు

పరీక్షలు తప్పిన తర్వాత నాలుగేళ్ళు రామానుజన్ ఎవరికీ కాకుండా పోయాడు. 1909 జులైలో జానకితో పెళ్ళయింది. అప్పటికి ఆ పిల్లకి పదేళ్ళు. సంసారం అన్నాక సంపాదన కావాలి. ట్యూషన్లు చెప్పి చూశాడు. పిల్లలకు పరీక్షకు కావలసిన మెట్టు మెట్టుగా చెప్పడం ఆయనవల్ల కాలేదు. మొదలుపెట్టిన లెక్క నుంచి అనంతంలోకి పోయేవాడు.

1910లో నోటుపుస్తకాలు చంకనపెట్టుకుని ఊళ్ళు తిరిగాడు. తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్‌ని కలిశాడు. ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీని స్థాపించింది ఆయనే. తర్వాత నెల్లూరు వెళ్ళి అక్కడి కలెక్టరు ఆర్. రామచంద్రరావుని కలిశాడు. గడ్డం గీసుకోని, పొట్టిగా లావుగా ఉన్న ఆ కుర్రాణ్ణి చూసి రామచంద్రరావుకి మొదట నమ్మకం కలగలేదు. విన్నకొద్దీ కలిగింది. ఏం కావాలని అడిగితే, తిండి గురించి ఆలోచించే పని లేకుండా లెక్కలు చేసుకునే తీరిక చాలునన్నది రామానుజన్ కోరిక. కొంతకాలం ఆయన నెలకు 25 రూపాయలు పంపించాడు. 1911లో రామానుజన్ మొదటి వ్యాసం సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఊరికే డబ్బు తీసుకోవడం రామానుజన్‌కి నచ్చలేదు. 1912 మార్చి 1న మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తాగా చేరాడు. నెలకు 30 రూపాయలు. మా నాయన, మన ఉత్తర మద్రాసు వాళ్ళలో ఎంతోమంది నాయనలు పనికి పోయే ఆ హార్బరే. ఎన్నూరు నుంచి లోకల్ ఎక్కి దిగి నడిస్తే చేరుకునే చోటు. అక్కడ మేనేజరు నారాయణ అయ్యర్‌కి లెక్కలు తెలుసు. ఆఫీసు పని అయ్యాక రామానుజన్ తన సొంత లెక్కలు చేసుకుంటే చూసీచూడనట్టు ఊరుకున్నాడు. రాత్రిళ్ళు ఇద్దరూ చెరొక పలక పట్టుకుని కూర్చునేవాళ్ళు. రామానుజన్ వేగం తనకు అందకపోతే, నాకే అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది, మధ్య మెట్లు కూడా రాయవయ్యా అన్నట్టు నెమ్మదిగా దారిలో పెట్టేవాడు. పోర్ట్ ట్రస్టు ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ కూడా అడ్డుపడలేదు.

కాగితం ఖరీదు. అందుకని పలక మీద చేసి, మోచేత్తో తుడిచేసి, వచ్చిన జవాబు మాత్రం నోటుపుస్తకంలో ఎక్కించేవాడు. హార్బరులో సరుకులు చుట్టిన కాగితాలు ఏరుకునేవాడని కూడా చెప్తారు.

అన్నం ముద్ద ఎవరు పెట్టారు

జార్జిటౌనులో శైవ ముత్తయ్య మొదలి వీధిలో చిన్న ఇల్లు. తల్లి, భార్య. ఈ ఇంటి సంగతి లెక్కల పుస్తకాల్లో రెండు వాక్యాలే ఉంటుంది. నాకు మాత్రం ఆ రెండు వాక్యాల దగ్గరే కళ్ళు ఆగిపోయాయి. రామానుజన్ లెక్కల్లో ఉన్నప్పుడు అన్నానికి లేచేవాడు కాదు. సాంబారో పెరుగో కలిపి ముద్దలు చేసి తల్లి ఆయన చేతిలో పెట్టేది. ఆలోచన తెగకుండా తినేవాడు. రాత్రి తెల్లవార్లూ పనిచేసి, కాస్త కునుకు తీసి ఆఫీసుకు పోయేవాడు. వేళకు లేపడం, బట్టలు సిద్ధం చేయడం, తిన్నాడా లేదా చూడడం అన్నీ ఆ ఆడవాళ్ళే.

ఇప్పుడు దీన్ని రెండు వరుసలుగా రాసుకోండి. మొదటి వరుస: చేయగలిగినవి. రెండో వరుస: చేయలేనివి. మద్రాసులో రెండో వరుసను ఇల్లు మోసింది. అందుకే అక్కడ మనిషి నిలబడ్డాడు. మొదటి వరుసను చదివి అర్థం చేసుకునేవాళ్ళు మాత్రం చాలామంది లేరు.

అందుకని 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని జి.హెచ్. హార్డీకి ఉత్తరం రాశాడు. సూత్రాలు వరసగా పేర్చి పంపాడు. హార్డీ, ఆయన స్నేహితుడు లిటిల్‌వుడ్ కలిసి చదివి, ఇవి రాసినవాడు మోసగాడు కాదు, మహా గణితవేత్త అని తేల్చుకున్నారు. అదే ఏడు మద్రాసు విశ్వవిద్యాలయం ఎఫ్.ఏ. కూడా పాసుకాని ఆయనకు నెలకు 75 రూపాయల పరిశోధన స్కాలర్‌షిప్పు ఇచ్చింది. నియమం పక్కన పెట్టి మనిషిని చూసిన మంచి నిర్ణయం అది. 1914 మార్చి 17న రామానుజన్ మద్రాసు రేవులో నెవాసా ఓడ ఎక్కాడు.

కేంబ్రిడ్జిలో తలకిందులు

కేంబ్రిడ్జిలో మొదటి వరుసకు కావలసినదంతా దొరికింది. హార్డీ రోజూ కూర్చునేవాడు. రుజువులు రాయడం నేర్పాడు, అయితే ఆయన సొంత ఊట ఎండిపోయేంతగా బలవంతపెట్టలేదు. వ్యాసాల మీద వ్యాసాలు వచ్చాయి. 1916లో పరిశోధనకు డిగ్రీ ఇచ్చారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం, అదే ఏడు అక్టోబరులో ట్రినిటీ కళాశాల ఫెలో. ట్రినిటీలో ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

రెండో వరుసను మోసేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. బూట్లు కాళ్ళకు పడేవి కావు. చలికి వణుకుతూ పడుకునేవాడు. కలకత్తా నుంచి వచ్చిన మహలనోబిస్ ఒకరోజు గదికి పోయి చూస్తే, దుప్పట్లన్నీ మంచం మీద చక్కగా పరిచే ఉన్నాయి, వాటి మధ్య దూరి పడుకోవాలని ఆయనకు తెలియలేదు. చూపించాక అర్థమైంది. అంత చిన్న సంగతి. ఎవరైనా ముందే చూపించి ఉంటే ఆ రాత్రులన్నీ వణికేవాడు కాదు గదా.

ఆయన పక్కా శాకాహారి. కళాశాల భోజనశాలలో తినడు. గదిలో తనే వండుకునేవాడు. మునిగితే రోజుకొకసారి, ఒక్కోసారి అదీ లేదు. అంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చి కూరగాయలు, పాలు దొరకడం కష్టమైంది. అన్నం ముద్ద చేతిలో పెట్టే తల్లి లేదు. జానకి రాసిన ఉత్తరాలు అత్తాకోడళ్ళ తగవులో చిక్కుకుని ఆయనదాకా చేరలేదు.

1916లో ఒకసారి స్నేహితుణ్ణీ, అతను పెళ్ళాడబోయే అమ్మాయినీ, ఇంకొకరినీ భోజనానికి పిలిచాడు. తనే వండి వడ్డించాడు. అతిథులు రెండుసార్లు వడ్డించుకుని మూడోసారి వద్దన్నారు. చూస్తే ఆయన కనబడలేదు. నాలుగు రోజుల తర్వాత ఆక్స్‌ఫర్డు నుంచి అయిదు పౌన్లు పంపమని తంతి వచ్చింది. తన వంట నచ్చలేదేమోనని మనసు ముక్కలై, ఉన్నపళంగా రైలెక్కి పోయాడు. విన్నవాళ్ళు నవ్వుతారు. మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఒక చిన్న మాటకి తలుపు వేసుకుని సాయంత్రందాకా బయటికి రాని తమ్ముడున్న ఇల్లు గదా మాది.

1917లో జబ్బు పడ్డాడు. ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి. ఒకచోట గదులు చల్లగా ఉంటే, వెచ్చగా ఉండే స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకుని లెక్కలు చేసుకునేవాడు. 1918 మొదట్లో లండన్‌లో ప్రాణం తీసుకోబోయి, అదృష్టం బాగుండి బతికాడు. హార్డీ వెళ్ళి పోలీసులకు చెప్పి విడిపించుకొచ్చాడు. అందరికీ తెలిసిన 1729 కథ కూడా పుట్టింది ఆస్పత్రి మంచం దగ్గరే. చూడ్డానికి వచ్చిన హార్డీ తన టాక్సీ నంబరు ఏమంత విశేషమైంది కాదంటే, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయగల అతిచిన్న సంఖ్య అదేనని రామానుజన్ పడుకునే చెప్పాడు. ఒకటి, పన్నెండు ఒక జత. తొమ్మిది, పది ఇంకో జత. మనం ఆ కథలో సంఖ్యనే చూస్తాం. ఆ మంచం చూడం.

చివరి ఏడాది

1919 మార్చిలో తిరిగి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. మద్రాసు, కొడుముడి, కుంభకోణం, మళ్ళీ మద్రాసు. చివరికి చేట్‌పట్‌లో ఒక ఇల్లు. జానకి ఇప్పుడు ఇరవై ఏళ్ళ పిల్ల. వేళకు అన్నం, పాలు, మందు, నొప్పి వస్తే వేడి కాపడం అన్నీ ఆమే. ఆయన మంచం మీద వెనక్కి ఆనుకుని కాగితాలు నింపుతూ ఉండేవాడు. నిండినవాటిని ఆమె జాగ్రత్తగా పోగుచేసి ఒక పెట్టెలో పెట్టేది. 1920 జనవరిలో హార్డీకి రాసిన చివరి ఉత్తరంలో మాక్ తీటా ఫలాలనే కొత్త సంగతి చెప్పాడు. ఆ ఏప్రిల్ 26న పోయాడు. వయసు 32.

ఇంగ్లండులో డాక్టర్లు క్షయ అనుకున్నారు. 1994లో డి.ఏ.బి. యంగ్ ఆ వైద్య వివరాలన్నీ మళ్ళీ పరిశీలించి, అది కాలేయానికి పాకిన అమీబా జబ్బు అయి ఉండవచ్చునని రాశాడు. ఆ రోజుల్లోనే నయం చేయగలిగే జబ్బు అది.

ఆ కాగితాలు తర్వాత ఇంగ్లండు చేరి, ట్రినిటీ లైబ్రరీలో మరుగున పడి, 1976లో అమెరికా గణితవేత్త జార్జి ఆండ్రూస్ కంట పడ్డాయి. ఆరువందలకు పైగా సూత్రాలు. జానకి కుట్టుపని నేర్చుకుని, ట్రిప్లికేనులో బట్టలు కుట్టి బతికింది. 1994లో పోయింది. ఆమె లేకపోతే ఆ చివరి ఏడాది కాగితాలు నిండేవా అని ఎవరైనా లెక్క కట్టారో లేదో మరి.

మనం ఏం తెలుసుకోవాలి

ఈ కథ చెప్పి మా తమ్ముడు కూడా రామానుజన్ అవుతాడని నేను అనడం లేదు. ఆ మాట ఇంటికి వచ్చినవాళ్ళందరూ అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ అమ్మకి అది ఇంకో బరువు. వాడు రైలు టైములు చెప్పినంత మాత్రాన మేధావి కానక్కరలేదు. మేధావి కాకపోయినా గుండీలకు సాయం కావాలి. సాయం అనేది ప్రతిభకు ఇచ్చే బహుమతి అయితే, ప్రతిభ లేని పిల్లలు ఏమైపోవాలి? ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామందికి అలాంటి అద్భుతమైన విద్య ఏదీ ఉండదు. మామూలు ఇష్టాలు, మామూలుకన్నా పెద్ద కష్టాలు ఉంటాయి.

రెండు వరుసలను కూడి సగటు తీయొద్దు. ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని కొట్టేయొద్దు. అది వచ్చినవాడికి ఇది ఎందుకు రాదు అనే ప్రశ్న ఎంత మామూలుగా అడుగుతామో గమనించండి. రామానుజన్‌ని అడిగినవాళ్ళకు జవాబు దొరకలేదు, ఎందుకంటే ఆ ప్రశ్నే తప్పు. ఏది వస్తే దానికి చోటివ్వాలి, ఏది రాకపోతే దానికి చెయ్యందించాలి. రెండూ ఒకేసారి.

ఇప్పుడు రోజులు కొంత మారాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం పేరు ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి సౌకర్యాలు అడగవచ్చు. మన ఊరికి ఆ చివర ముట్టుకాడులో ఇలాంటి పిల్లల కోసం కేంద్రప్రభుత్వ సంస్థ ఉంది. ఎన్నూరు నుంచి అక్కడికి పోయిరావడానికి ఒక రోజంతా పడుతుంది, అయినా పోతున్నాం. మొన్నటి పరీక్షలో వాడి పక్కన ఒక టీచరు కూర్చుని, ఒక జవాబు కాగానే కాగితం తిప్పి రెండో ప్రశ్న చూపించారు. అంతే చేశారు. వాడు ఆరు ప్రశ్నలు రాశాడు. నారాయణ అయ్యర్ పలక గుర్తొచ్చింది నాకు.

చివరిగా మనకు మనం. ఆడపిల్లల్లో ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్నా చాలా ఆలస్యంగా బయటపడతాయని డాక్టర్లు చెప్తారు. మనం అణకువగా కూర్చోవడం, పక్కవాళ్ళని చూసి నవ్వడం చిన్నప్పుడే నేర్చుకుంటాం, లోపలి కష్టం బయటికి కనబడదు. మన క్లాసులోనే పద్యాలన్నీ నోటికి వచ్చి, అసైన్‌మెంటు మాత్రం ఎప్పుడూ టైముకి ఇవ్వలేక ఏడ్చే అమ్మాయి ఉండొచ్చు. క్యాంటీన్ గోల భరించలేక మెట్ల కింద ఒంటరిగా డబ్బా తినే అమ్మాయి ఉండొచ్చు. ఆమెను పొగరుబోతు అనకముందు, బద్ధకస్తురాలు అనకముందు, రెండో వరుసలో ఏముందో ఒక్కసారి అడుగుదాం. దుప్పటి ఎలా కప్పుకోవాలో చూపించడం లాంటి చిన్న సాయమే కావచ్చు ఆమెకు కావలసింది.